పనిచేస్తోందని రాశాను

జనవరి 19

వదినా,

క్షేమంగా చేరాను. బస్సులో కిటికీ పక్క సీటే దొరికింది గానీ, దారంతా ఏం చూశావని అడిగితే చెప్పలేను. నీ గదే కళ్ళముందు ఉంది.

నేను తలుపు తోసేసరికి మిట్టమధ్యాహ్నం నువ్వు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నావు. నీ జుట్టు చిక్కు తీస్తుంటే ఒక్క మాట అనలేదు. ఇదివరకైతే "మెల్లిగా, అది తల, నీ ఈత టోపీ కాదు" అని నా చేతిమీద ఒకటిచ్చేదానివి. ఆ దెబ్బ పడకపోయేసరికి నాకు భయమేసింది. అందుకే మర్నాడు నిన్ను దాదాపు ఈడ్చుకుంటూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. కోపం ఉంటే తర్వాత చూపించు.

మా ఈతకొలను దగ్గర టికెట్లిచ్చే ఆవిడ అడుగుతుంది, "మీ అన్నయ్య, ఆవిడా విడిపోయి ఇన్నాళ్ళయింది కదా, ఇంకా వదినేంటి?" అని. విడిపోయింది వాళ్ళిద్దరండీ, నేను కాదుగా అంటాను.

మాత్రలు మానొద్దు. నాకు ఈ దిగులు జబ్బు వచ్చినప్పుడు నువ్వు చూశావు. ఈత నేర్పడం నా ఉద్యోగం, నీళ్ళలో కాలు పెట్టలేకపోయేదాన్ని. గట్టున కూర్చుని ఈల ఊదుతూ జీతం తీసుకున్నాను. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకి ఒకరోజు తువ్వాళ్ళు ఆరేస్తుంటే పక్కింటావిడ, "ఏంటి, పాట అందుకున్నావ్?" అంది. నేను కూనిరాగం తీస్తున్నానని ఆవిడ చెబితేగానీ నాకు తెలియలేదు. నన్ను ఒడ్డున పడేసింది ఆ మాత్రే వదినా. నిన్నూ పడేస్తుంది.

ఫోన్ వద్దు, మాట్లాడే ఓపిక లేదు, ఉత్తరం రాయమన్నావు. సరే. నా రాత కోడి గీతలని నవ్వకూడదు మరి.

నీ చేపపిల్ల

ఫిబ్రవరి 4

చేపపిల్లా,

నీ రాత కోడి గీతలు కాదు. కోడి కనీసం తిన్నగా నడుస్తుంది.

పనిలోకి వెళ్తున్నాను. మందు వేసుకున్న మొదటివారం కడుపులో ఒకటే తిప్పుడు. కట్టుడు పళ్ళు చేసే చోట మైనం కరిగించకుండా పని సాగదు కదా, ఆ వాసనకి రెండుసార్లు బయటికి పరిగెత్తాను. మా ల్యాబ్ పెద్దాయన అదో మాదిరిగా చూసి, "ఏమన్నా విశేషమా?" అన్నాడు. నా వయసూ నా కాపురమూ తెలిసి అడిగాడో, మర్చిపోయి అడిగాడో మరి. ఇప్పుడు తిప్పుడు తగ్గింది. నోరు మాత్రం ఎండిపోతోంది. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ నోళ్ళతో వేగేదాన్ని, నా నోరే నాకు పరాయిదైపోయింది.

ఈ వారం ఒకావిడ తన పాత ఫోటో పంపింది, పళ్ళు ఊడకముందు నవ్వు ఎలా ఉండేదో అచ్చం అలాగే కావాలని. ముందు పళ్ళలో ఒకటి కొంచెం పక్కదానిమీదికి ఒరిగి ఉంది. అదీ అలాగే కావాలట. మైనంలో ఆ పన్ను ఒరగబెట్టడానికి రోజంతా పట్టింది. పెద్దాయన మెచ్చుకున్నాడు. నాకేమీ అనిపించలేదు. గోడకి చెప్పినట్టే.

మాత్రల డబ్బాలో మడతపెట్టిన కాగితం ఒకటుంది, చదివావా ఎప్పుడైనా? అందులో రాసినవన్నీ చదివితే బాగున్నవాళ్ళకి కూడా దిగులు పుడుతుంది.

ఒకటి అడుగుతాను, వాదనకి కాదు. నీకు తగ్గింది మందువల్లేనని నీకెలా తెలుసు? అప్పుడే నువ్వు ఇల్లు మారావు. ఎండలొచ్చాయి. నేను, మీ అన్నయ్య వచ్చి నెల్లాళ్ళు నీ దగ్గరే ఉన్నాం. ఇందులో దేనివల్లో ఎలా తేల్చావు? నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

ఉంటాను,
వదిన

ఫిబ్రవరి 15

వదినా,

ఎలా తెలుసు ఏంటి? తెలుసు, అంతే. ఆకలేసినవాడికి అన్నంతోనే కడుపు నిండిందని ఎలా తెలుస్తుందో అలా తెలుసు. ఆ కాగితం తీసి చెత్తబుట్టలో పడెయ్. ఎక్కువ ఆలోచించకు. నా దగ్గరికి పెద్దవాళ్ళు ఈత నేర్చుకోడానికి వస్తారు కదా, వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఒళ్ళు వదిలేస్తే నీళ్ళే మిమ్మల్ని తేలుస్తాయి, బిగబట్టుకున్నారో, మునుగుతారు అని. నువ్వు బిగబట్టుకుంటున్నావు. మందుని కాస్త నమ్ము. నమ్మకం లేకుండా మింగితే ఏం పనిచేస్తుంది చెప్పు?

ఇంకోటి చేశాను, తిట్టుకోకు. అన్నయ్యకి ఫోన్ చేసి దులిపేశాను. "నువ్వు వదిలేసి పోబట్టే వదిన ఇలా అయింది, నీ కొత్త సంసారంలో నీకేం, హాయిగా ఉన్నావు" అన్నాను. ఏమీ అనలేదు. కాసేపు ఊపిరి వినిపించింది, తర్వాత పెట్టేశాడు. తప్పు చేసినవాడికి నోరెలా లేస్తుంది?

నువ్వు బాగుపడితేగానీ మా ఇంటివాళ్ళ తరఫున నా గుండెల మీది బరువు దిగదు. నీకోసం కాకపోతే నాకోసమైనా బాగుపడు. మంచి కబురుతో రాయి.

నీ చేపపిల్ల

మార్చి 8

చేపపిల్లా,

మంచి కబురే. పనిచేస్తోంది!

నువ్వన్నట్టే, ఎప్పుడు మొదలైందో తెలియలేదు. పొద్దున్నే లేస్తున్నాను. కిటికీకి పసుప్పచ్చ కర్టెన్లు కుట్టించాను. కింద చాన్నాళ్ళుగా మూసి ఉన్న కొట్టు లేదూ, అందులో ఒకావిడ పూలకొట్టు పెట్టింది. మంచి మాటకారి. సాయంత్రాలు ఇద్దరం నది వంతెనదాకా నడిచి వస్తున్నాం. వాడిపోతాయనుకున్న పూలు నాకే ఇచ్చేస్తుంది. గదంతా పూలే. పెద్దాయన "ఏంటి, ఈమధ్య పనిలో చేతులు పరుగులు పెడుతున్నాయి" అన్నాడు.

కాబట్టి ఆ బరువు దించేసుకో. మీ అన్నయ్యని ఇక ఏమీ అనకు. బతిమాలుకుంటున్నాను.

వదిన

మార్చి 17

మా బంగారు వదినా,

నీ ఉత్తరం చదివి కొలను గట్టుమీదే గెంతాను. గట్టుమీద పరిగెత్తకూడదని పొద్దున్నించీ పిల్లలమీద అరిచినదాన్ని, నేనే కాలు జారి వెల్లకిలా పడ్డాను. మోచెయ్యి కమిలింది. పోనీలే, నీ మీద దిష్టి పోయిందనుకుంటాను.

ఆగలేక నీ ఉత్తరం మా ఆడవాళ్ళ బ్యాచ్‌కి బట్టలు మార్చుకునే గదిలో చదివి వినిపించాను. అందరూ చప్పట్లు. వాళ్ళలో ఒక రిటైరైన బ్యాంకావిడ ఉంది. భర్త పోయినప్పట్నించీ మనిషి తేరుకోలేదు. డాక్టర్ మాత్రలు రాసిచ్చి ఎన్నాళ్ళో అయింది, వేసుకోదు. "మాత్ర ఏడుపాపితే మాత్రం, ఆయనొస్తాడా?" అనేది. నీ ఉత్తరం విని నా పక్కకి వచ్చి కూర్చుంది. తర్వాత, "ఆ పసుప్పచ్చ కర్టెన్ల మాట మళ్ళీ చదువమ్మా" అంది. చదివాను. మర్నాడు వచ్చి, "మొదలుపెట్టాను, మీ వదినకి చెప్పు" అంది.

చూశావా? నీవల్ల ఇంకో మనిషి గట్టెక్కుతోంది. కర్టెన్ల ఫోటో పంపు, ఆవిడ అడుగుతోంది. పూలకొట్టావిడకి నా తరఫున థాంక్స్ చెప్పు. ఆవిడ్ని ఏమని పిలుస్తావు?

నీ చేపపిల్ల

మార్చి 30

చేపపిల్లా,

మోచేతికి ఏమన్నా రాశావా? అశ్రద్ధ చెయ్యకు.

నా ఉత్తరాలు అందరి ముందూ చదవొద్దు. ఆ బ్యాంకావిడకి చెప్పు, ఏ సందేహమున్నా డాక్టర్నే అడగమని. నన్ను చూసి మొదలుపెట్టక్కర్లేదు, నన్ను చూసి మానెయ్యక్కర్లేదు. ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కొక్క తీరు.

ఫోటో తీద్దామంటే ఫోన్ పాడైంది. ల్యాబ్‌లో పని ఎక్కువగా ఉంది. నేను బాగున్నాను.

వదిన

ఏప్రిల్ 21

వదినా,

గురువారం మీ ఊళ్ళో మా ఈత మాస్టర్లందరికీ ట్రైనింగ్ ఉందని పంపించారు. నీకు ముందు చెప్పలేదు, ఒక్కసారిగా వచ్చి నీ మొహం చూద్దామని. మధ్యాహ్నం భోజనాల వేళ తప్పించుకుని మీ వీధికి వచ్చాను. పూలావిడకి ఇవ్వడానికి చిన్న కుండీ కూడా కొన్నాను.

కింద కొట్టు షట్టర్ తుప్పుపట్టి ఉంది. తాళం కూడా తుప్పే. పక్క సైకిల్ షాపతన్ని అడిగితే, "పూలకొట్టా? ఈ వీధిలోనా?" అని నవ్వాడు. "మేడమీద ఆవిడ కోసమైతే, ల్యాబ్ నుంచి కూడా ఎవరో పెద్దాయన వచ్చి వెళ్ళాడు. ఆవిడ పనికి పోవడం లేదంట" అన్నాడు.

తలుపు కొట్టాను. వదినా, నేనే, అన్నాను. లోపల ఏదో కదిలిన చప్పుడు వినిపించింది. ఇంకా కొట్టాను. అప్పుడు అన్నావు నువ్వు, "తలనొప్పిగా ఉంది, ఇంకోసారి రా" అని. ఆ గొంతు నీదని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది. మెట్లమీద కూర్చున్నాను. ట్రైనింగ్ మధ్యాహ్నం భాగం పోయింది. నువ్వు తలుపు తియ్యలేదు. నీకని తెచ్చిన అరటిపళ్ళ సంచీ, కుండీ గుమ్మం దగ్గర పెట్టి వచ్చేశాను. వీధిలోంచి నీ కిటికీ చూశాను. కర్టెన్లే లేవు. వార్తాపత్రికలు అంటించి ఉన్నాయి.

ఇంత అబద్ధమెందుకు వదినా? మాత్రలు వేసుకోలేదన్నమాట. ఇష్టం లేకపోతే మొహం మీదే చెప్పాల్సింది. వేసుకుని ఉంటే ఈపాటికి పనిచేసేవి. నేను నిన్ను నమ్మి, నీ మాట పట్టుకెళ్ళి ఒక పెద్దావిడ చేతిలో పెట్టాను. ఇప్పుడు ఆవిడ మొహం ఎలా చూడను?

చేపపిల్ల

ఏప్రిల్ 29

చేపపిల్లా,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. కొట్టివేతలుంటే సర్దుకో.

మాత్రలు ఒక్కపూట మానలేదు. చెప్పిన వేళకి, చెప్పినట్టు మింగాను. ఖాళీ అట్టలు సొరుగులో ఉన్నాయి. కడుపులో తిప్పింది, నోరెండింది, నిద్ర పాడైంది. అంటే లోపల ఏదో చేస్తూనే ఉందిగా. చెయ్యాల్సిన పనొక్కటే చెయ్యలేదు.

నాకు కోపం నీమీద కాదు. కానీ నువ్వు నా చోట కూర్చుని ఒకసారి చూడు. మందు పనిచేస్తే గొప్ప మందుది. పనిచెయ్యకపోతే మాత్రం తప్పు నాది. నమ్మలేదని, బిగబట్టుకున్నానని. ఇదివరకు నేను బాగాలేని మనిషిని, అంతే. ఇప్పుడు మందిచ్చినా బాగుపడని మనిషిని కూడా అయ్యాను. పైగా నీ గుండెల మీది బరువు నా చేతిలో పెట్టావు. ఏమని రాయను? నీకు మంచి కబురు కావాలి. ఉన్నదంతా వెతికినా నా దగ్గర అది లేదు, కల్పించి రాశాను. ఆ పూలకొట్టావిడ గురించి రాస్తున్నంతసేపూ నాకే ఆవిడ కావాలనిపించింది. కాగితం మడవగానే పోయింది.

ఫోన్ వద్దన్నది అందుకే. ఉత్తరంలో గొంతు వినపడదు.

దిగులంటే ఏడుపనుకుంటారు అందరూ. ఏడుపొస్తే నేను సంతోషించేదాన్ని. స్నానానికి లేవాలంటే, పక్క ఊరికి నడిచి రమ్మన్నట్టుంటుంది. బల్లముందు కూర్చుంటే చేతులు పళ్ళు పేరుస్తూనే ఉంటాయి, ఆ చేతులు ఎవరివో. ఒకరోజు ఒక ముసలాయనకి చేసిన సెట్టులో కింది పళ్ళు పైన, పైవి కింద పెట్టేశాను. ఎవరికైనా నవ్వొస్తుంది. పెద్దాయన నవ్వాడు కూడా. నేను సంచీ తీసుకుని ఇంటికి వచ్చేశాను, మళ్ళీ వెళ్ళలేదు.

మీ అన్నయ్య సంగతి. ఆయన వెళ్ళిపోబట్టి నాకిది రాలేదు. ఇది ఉండబట్టే ఆయన వెళ్ళిపోయారు. పెళ్ళైన రెండో ఏటినించీ ఉంది. రోజూ వంట చేసి, పిలిచి, నేను లేవకపోతే కంచం మంచం దగ్గరికి తెచ్చి ఏళ్ళు గడిపారు ఆ మనిషి. ఎవరితోనూ అనొద్దని నేనే మాట తీసుకున్నాను. నువ్వు దులిపేసినప్పుడు కూడా నోరు విప్పలేదంటే ఆ మాటకే కట్టుబడ్డారు. నాకు సిగ్గుగా ఉంది.

నువ్వు తలుపు కొట్టినప్పుడు నేను ఇవతల నేలమీద, తలుపుకి ఆనుకునే కూర్చున్నాను. నువ్వు మెట్లమీద ముక్కు చీదుకోవడం కూడా వినిపించింది. గడియ చేతికి అందేంత దూరంలోనే ఉంది. చెయ్యి లేవలేదు. అంతే. ఇంకే కారణమూ లేదు.

బ్యాంకావిడకి నిజం చెప్పు. ఆవిడ మానేస్తే నా పాపం. కానీ అబద్ధం మీద వేసుకోవడం కూడా బాగుండదు.

వదిన

మే 6

వదినా,

ముందు ఒకటి అడుగుతాను, దాచకు. చచ్చిపోవాలనిపిస్తోందా? అనిపిస్తే ఉత్తరం కోసం ఆగకు. సైకిల్ షాపతనికి ఆ గురువారమే నా నంబరు ఇచ్చి వచ్చాను, నీ తలుపు ఒకపూట తియ్యకపోయినా నాకు చెప్పమన్నాను. అతనితో ఒక్క మాటంటే చాలు, నేను బస్సెక్కుతాను. నిన్ను అడక్కుండా చేశాను, క్షమించు.

జనవరిలో నిన్ను తీసుకెళ్ళిన రోజు డాక్టరమ్మ నీతో చెప్పబోయింది గుర్తుందా? "కొందరికి మొదటి మందు పడదు, అప్పుడు నాకు చెప్పండి, మార్చి చూద్దాం, మాత్ర ఒక్కటే కాదు, కూర్చుని మాట్లాడటం కూడా..." అంటోంది. నేను మధ్యలో అందుకుని "అబ్బే, పనిచేస్తుందండీ, నన్ను చూడండి" అన్నాను. ఆవిడ మాట ఆపేసింది. నీ ఉత్తరం చదివాక అది గుర్తొచ్చి అన్నం సహించలేదు.

అన్నయ్యకి ఫోన్ చేశాను. నాకు అంతా తెలిసిందని చెప్పాను. "తింటోందా?" అని అడిగాడు. తెలీదన్నాను.

బ్యాంకావిడకి ఉన్నదున్నట్టు చెప్పాను. కోప్పడుతుందనుకున్నా. "అయ్యో పాపం, అంత చక్కని కర్టెన్లు లేనే లేవా" అంది. మానేస్తారా అని అడిగాను. "నాకు కాస్త పనిచేస్తోందమ్మా. ఆయన్ని తలుచుకుంటే ఏడుపు వస్తూనే ఉంది, కానీ ఏడ్చాక లేచి టీ పెట్టుకోగలుగుతున్నాను. ఇదివరకు అదీ లేదు" అంది. ఆవిడకి పనిచేసింది, నీకు చెయ్యలేదు. నాకు దేనివల్ల తగ్గిందో నాకు తెలీదు వదినా. నువ్వడిగినప్పుడే ఆ మాట చెప్పాల్సింది. మందువల్లేనని ఇప్పటికీ అనుకుంటున్నాను, కానీ ప్రమాణం చెయ్యలేను.

ఇకమీదట నాకు మంచి కబురు అక్కర్లేదు. ఖాళీ కాగితం పంపినా అందిందని జవాబు రాస్తాను.

నీ చేపపిల్ల

మే 28

చేపపిల్లా,

చచ్చిపోవాలని లేదు. లేవాలని ఉండేది కాదు. రెంటికీ మధ్య సన్నని గోడే. అది తెలిసే డాక్టర్ దగ్గరికి వెళ్ళాను, ఒక్కదాన్నే. బస్సెక్కి, దిగేచోటు దాటిపోయి, వెనక్కి నడిచాను.

ఆవిడ ఫైలు చూసి, "మార్చిలో బాగుందన్నారే?" అంది. ఆవిడకి కూడా అబద్ధమే చెప్పాను మరి. "మీరు కష్టపడి రాసిచ్చారు, పనిచెయ్యలేదంటే ఏమనుకుంటారోనని" అన్నాను. కళ్ళద్దాలు తీసేసి, "నేనేమనుకుంటాను? ఇంకోటి రాస్తాను" అంది. అంత మామూలుగా అనేసింది. నాకు ఏడుపొచ్చింది. నిజం ఏడుపు. ఎన్నాళ్ళకో.

పాతది ఒక్కసారిగా మానకుండా మెల్లిగా తగ్గించి కొత్తది మొదలుపెట్టమంది. వారానికోసారి ఒకాయన దగ్గర కూర్చుని మాట్లాడాలట. "ఈసారి తగ్గుతుందా?" అని అడిగాను. "తగ్గొచ్చు. మాట మాత్రం ఇవ్వలేను. తగ్గకపోతే అప్పుడూ రండి" అంది. నాకు అంతకంటే ధైర్యం ఎవరూ చెప్పలేదు.

మీ అన్నయ్యకి చెప్పు, తింటున్నానని. ఒకపూట.

వదిన

ఆగస్టు 2

చేపపిల్లా,

రెండు నెలలుగా మందు పనిచేస్తోందా అని నువ్వు అడగకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నావో నీ ఉత్తరాల్లో కనపడుతూనే ఉంది. నీళ్ళ గురించీ, పిల్లల అల్లరి గురించీ, టికెట్లావిడ కొత్త చెప్పుల గురించీ రాస్తావు. అందుకని అడక్కుండానే చెబుతున్నాను.

కొత్త మందు కొంచెం పనిచేస్తున్నట్టుంది. కొంచెమే. బావిలోంచి పైకి లాగేసినట్టేమీ లేదు. కాళ్ళకింద నేల తగిలినట్టుంది. కిటికీకున్న కాగితాల్లో సగం చించాను, మిగతా సగం చించబుద్ధి కాలేదు. పెద్దాయన మళ్ళీ ఒకపూట పని ఇచ్చాడు. మొన్న పై సెట్టూ కింది సెట్టూ కలిపి కొరికించి చూపించి, "సరిగ్గానే ఉన్నాయి, పైవి పైనే ఉన్నాయి" అన్నాడు. నవ్వాను. ఇంటికొచ్చాక కూడా ఒకసారి నవ్వాను.

ఇది మందో, వారంవారం ఆ మాటలాయన ముందు కూర్చోవడమో, నీతో అబద్ధమాడాల్సిన పని తప్పడమో, తేల్చలేను. బ్యాంకావిడ అడిగితే అలాగే చెప్పు.

నిన్న బాగానే ఉంది. ఇవాళ బాగాలేదు. ఇది రాస్తూ మధ్యలో చాలాసేపు పడుకున్నాను. ఇలాంటి రోజున ఈ గది మరీ పెద్దదైపోతుంది. కింద సైకిల్ షాపులో ఎవరో గాలి కొట్టించుకుంటుంటే ఆ చప్పుడు కోసం చెవి పెట్టుకుని ఉంటాను, మనిషి ఉన్నాడని.

వచ్చే శనివారం నీకు సెలవని రాశావు. వస్తావా? తలుపు తీస్తానని మాట మాత్రం ఇవ్వలేను. ఆ రోజు ఎలాంటి రోజో నాకు ముందే తెలీదు. తియ్యకపోతే కోపం తెచ్చుకోకు. బయట మెట్లమీద కాసేపు కూర్చో. టికెట్లావిడ చెప్పుల సంగతి చెబుతూ ఉండు. నేను ఇవతల కూర్చుని వింటాను.

వదిన